తుడవని పూత

శౌరి చేతులు మణికట్టు దాకా చింతపండు పులుసులో ఉన్నాయి. అరచేయంత స్టీలు జాలీ ముక్కని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో మూల నుంచి మూలకి రుద్దుతున్నాడు. ముందు కుంకుడు రసం, తరవాత చింతపండు, ఆపైన పలచటి యాసిడ్, చివర మంచినీళ్లు. నీళ్లలోంచి పైకెత్తినప్పుడు తడి జాలీ అంతటా తెగకుండా ఒకే పొరగా నిలవాలి. ఎక్కడైనా ముత్యాల్లా విడిపోయిందంటే అక్కడ ఇంకా జిడ్డుందని అర్థం. ఈ ముక్కకి కింది మూల విడిపోయింది. శౌరి మళ్లీ కుంకుడు రసంతో మొదలుపెట్టాడు.

ఫిల్మ్‌నగర్ బస్తీలో కొండరాయిని ఆనుకుని వేసిన రేకుల షెడ్డు అది. వెనక గది ఇల్లు, ముందు గది పని. నాలుగు తొట్టెలు, వాటికి కరెంటు ఇచ్చే రెక్టిఫయరు ఒకటి, గోడవార మెరుగు పెట్టే బఫ్ చక్రం. ఇరవై రెండేళ్లుగా తెలుగు సినిమాల్లో రాజులు పెట్టుకున్న కిరీటాల్లో, రాక్షసులు తిప్పిన గదల్లో, దేవతలు కట్టుకున్న వడ్డాణాల్లో సగానికి సగం ఈ తొట్టెల్లో మునిగి లేచినవే. శౌరి గుంటూరు పక్క పల్లె నుంచి పదిహేడేళ్ల వయసులో మద్రాసు వెళ్లి, పూత పని చేసే దుకాణంలో తొట్టెలు కడుగుతూ పని చూశాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. సినిమావాళ్లు హైదరాబాదు వస్తే వాళ్ల సామానుతో పాటు తనూ వచ్చాడు. శౌరి పెట్టిన పూత ఊడదని ఆర్ట్ డైరెక్టర్లకి తెలుసు. చెమటకి నల్లబడదని హీరోల మేకప్‌మెన్‌లకి తెలుసు.

కానీ రెండువేల ఏడో సంవత్సరం వచ్చేసరికి కిరీటాలు ఫైబరుతో పోసి, బంగారు రంగు స్ప్రే కొట్టేస్తున్నారు. అవి తేలిక, చవక, విరిగితే ఇంకోటి. ఆ యేడాది జనవరి నుంచి జూన్ దాకా షెడ్డుకి వచ్చినవి రెండు కత్తులు, ఒక పూజ గంట.

అందుకే గోడ మేకుకి ఒక నీలం యూనిఫారం వేలాడుతోంది. ఇస్త్రీ మడత చెదరలేదు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన సాఫ్ట్‌వేర్ ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ పని. ఒకటో తారీకున చేరాలి. ఆ పని కుదిర్చినవాడు భిక్షం. సినిమాలకి సామాను కిరాయికిచ్చే గోడౌనులో స్టోర్ కీపరు. శౌరికి పదిహేనేళ్ల నేస్తం. రోజూ టీ వేళకి షెడ్డు గుమ్మంలో నిలబడకపోతే అతనికి తోచదు.

"ఏందన్నా, రాజుల కిరీటాలకు పూత పెట్టినోనివి. గిప్పుడు దోమల జాలీ కడుగుతున్నవా?" అన్నాడు భిక్షం.

"దోమల జాలీ కాదురా. కరెంటు దాచే ప్లేట్లు."

"కరెంటు దాస్తరా? మన బస్తీల దినానికి రెండు గంటలు కరెంటే ఉండదు. ఏడికెళ్లి తెచ్చి దాస్తవ్?"

"నీ దగ్గర అప్పు తెస్తాలే. ఆ యాసిడ్ డబ్బా దగ్గర నిలబడకు, ప్యాంటుకి బొక్కలు పడతాయి."

"నా ప్యాంటు సంగతి తర్వాత. నువ్వు డ్రెస్సు ఏసి చూస్కున్నవా? బూట్లు ఎనిమిదో నంబరు తెచ్చిన. బిగుతైతే ఇప్పుడే చెప్పు."

శౌరి జాలీని నీళ్లలోంచి పైకెత్తి వెలుతురులో చూశాడు. ఈసారి తడి ఎక్కడా తెగలేదు.

ఆ జాలీ ముక్కలు జూబ్లీహిల్స్ నుంచి వచ్చాయి. అక్కడొక పెద్ద బంగ్లా కింద, కార్లు పెట్టుకునే సెల్లారులో కమలాకర్ అనే ఆయన చిన్న లేబరేటరీ పెట్టాడు. అందులో పనిచేసే ఇంజినీరు నిహారిక. బోరబండలో పుట్టి పెరిగిన పిల్ల. ఇరవై ఆరేళ్లుంటాయి. స్కూటీ మీద వచ్చి, హెల్మెట్ తియ్యకుండానే మాట మొదలుపెడుతుంది. భిక్షం గోడౌనులో అడిగి ఈ షెడ్డుకి దారి తెలుసుకుంది. మొదటిరోజే చెప్పాల్సింది సూటిగా చెప్పింది.

"అంకుల్, బ్యాటరీ ఉంది కదా, అది నిదానంగా నిండుతది, నిదానంగా ఇస్తది. మేం చేసేది సూపర్ కెపాసిటర్. క్షణాల్లో నిండుతది, అడిగిన వెంటనే ఇచ్చేస్తది. ఆఫీసుల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల కంప్యూటర్లు ఆగిపోకుండా ఇది పట్టుకుంటది. ఇందులో చార్జి అంతా ప్లేటు పైపొర మీదే ఉంటది. పైపొర ఎంత ఎక్కువుంటే అంత చార్జి."

"అంటే పెద్ద ప్లేట్లు కావాలా?"

"పెద్దవి కాదు. పట్టుచీర నీళ్లు పీల్చుకోదు, టర్కీ టవలు పీలుస్తది. ఎందుకు? టవలు మీద పోగులు లేచి ఉంటయి కాబట్టి. మాకు ప్లేటు మీద అట్లాంటి పోగులు కావాలి. మాంగనీసు ఆక్సైడువి. వెంట్రుక మందంలో కొన్ని వేలో వంతు ఉంటయి. నేను బీకరులో గోరంత ముక్క చేస్తే వస్తున్నది. అరచేయంత చేస్తే అంచుల్లో మందం, మధ్యలో ఏమీ లేదు."

ఆ ఆఖరి మాటకి శౌరి నవ్వాడు. అంచుల్లో మందం, మధ్యలో పలచన. పూత పనిలో అది పుట్టుకతో వచ్చే రోగం. కరెంటు మొనల మీదికీ అంచుల మీదికీ పరిగెత్తుతుంది. కిరీటాల మొనలు మాడిపోకుండా అతను చుట్టూ ఒక ఉత్త తీగ కట్టేవాడు. ఎక్కువ కరెంటుని ఆ తీగ తాగేసేది. దానికి దొంగతీగ అని పేరు పెట్టుకున్నాడు. జాలీకీ అదే కట్టాడు. తొట్టెలో నిహారిక తెచ్చిన మాంగనీసు ఉప్పు కరిగిస్తే నీళ్లు లేత గులాబిరంగు తిరిగాయి. ఒక్కటే అతనికి మింగుడు పడలేదు. ఇక్కడ సామానుని ప్లస్‌కి కట్టాలి. ముప్పయ్యేడేళ్లుగా మైనస్‌కి కట్టిన చెయ్యి రెండుసార్లు తప్పు వైరు అందుకుంది.

మొదటి ముక్క తేలగానే నిహారిక తడిగా ఉండగానే డబ్బాలో వేసుకుపోయింది. మర్నాడు ఫోను చేసి, "సూపర్ వచ్చింది అంకుల్, అంచు నుంచి అంచుకి ఒకే తీరుగ ఉంది" అంది. పన్నెండు ప్లేట్లు కావాలని, పై నెల మొదట్లో యూపీయస్ కంపెనీవాళ్లు చూడటానికి వస్తున్నారని చెప్పింది. అవి సరిగ్గా వస్తే ప్లేట్ల పనంతా శౌరికే. రాకపోతే కమలాకర్ సారు పుణె నుంచి పూత పెట్టే మెషిను తెప్పిస్తారు.

అంటే ఈ పన్నెండు ప్లేట్లు నిలబడితే శౌరి పూతపనివాడుగా ఉంటాడు. నిలబడకపోతే ఒకటో తారీకున నీలం చొక్కా వేసుకుని గేటు దగ్గర స్టూలు మీద కూర్చుంటాడు. కూర్చోవడం అనే మాటకే అతనికి కాళ్లు లాగేవి. జీవితంలో ఏ పనీ కూర్చుని చెయ్యలేదు.

నాలుగు రోజుల్లో పన్నెండూ పూర్తి చేశాడు. ఇచ్చే రోజు పొద్దున వాటిని బల్ల మీద వరసగా పరిచాడు. మసిపట్టిన పెనాల్లా ఉన్నాయి. వేలు ఆనిస్తే నల్లగా అంటుకుంటోంది. అతనికి చీదర వేసింది. గూట్లోంచి మెత్తటి ఫ్లానెల్ గుడ్డ తీశాడు. ఎప్పటిలాగే పైనుంచి కిందికి, ఒకే వైపుకి, ఒక్కొక్క ప్లేటునీ తుడిచాడు. గుడ్డ నల్లబడింది. ప్లేట్లు ముదురు గోధుమరంగులో నిగనిగలాడాయి. కాగితంలో చుట్టి జూబ్లీహిల్స్ పట్టుకెళ్లి ఇచ్చి వచ్చాడు. ఆ పూట భార్య ఫిలోమినా ఎందుకో అడక్కుండానే చేపల పులుసు పెట్టింది.

రెండో రోజు ఫోను రాలేదు. మూడో రోజూ రాలేదు. శౌరి షెడ్డులో పచార్లు చేశాడు. బఫ్ చక్రం ఆన్ చేశాడు, ఆపాడు. కడిగిన తొట్టెనే మళ్లీ కడిగాడు.

"ఏమండీ, మీరు అలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఫోను అంత దూరంలో పెట్టి వినిపించలేదంటారు. జేబులో పెట్టుకోండి" అంది ఫిలోమినా.

"జేబులో పెడితే మోగుతున్నట్టే ఉంటోందే."

నాలుగో రోజు అతనే బయల్దేరాడు. ఆటో ఎక్కకుండా కొండదారిన నడిచాడు. పెద్ద గేట్లు, గేట్ల ముందు స్టూళ్లు, స్టూళ్ల మీద నీలం చొక్కాలు. ఇన్నేళ్లు ఆ దారినే పోతూ ఎన్నడూ చూడని వాచ్‌మన్‌లు ఆవేళ ఒక్కొక్కరే కనిపించారు. ఒకతను లేచి నిలబడి, "ఎవరు కావాలె పెద్దాయనా?" అని అడిగాడు. శౌరి చెప్పకుండానే ముందుకి పోయాడు.

సెల్లారులో నిహారిక కంప్యూటరు ముందు ఉంది. అతన్ని చూసి లేచింది, మళ్లీ కూర్చుంది.

"నేనే ఫోన్ చేద్దామనుకున్నా అంకుల్. ఎట్ల చెప్పాలో తెల్వక ఆగిన."

"చెప్పమ్మా. పూత ఊడిందా?"

"ఊడలే. అసలు పట్టుకుంటలేవు. చూడండి." తెరమీద రెండు గీతలు చూపించింది. "మంచి ప్లేటుకి చార్జి ఎక్కించి దించితే గీత ఇట్ల పెట్టెలాగ వస్తది. ఇది మీరు ఇచ్చిన మొదటి ముక్క. ఇవి పన్నెండు." పన్నెండింటి గీతలూ ఎండిన వేపాకుల్లా సన్నగా ఉన్నాయి. "అదే తొట్టె, అవే నీళ్లు, అదే చెయ్యి. ఏం మారిందో సమజ్ అయితలేదు. యూనివర్సిటీలో పెద్ద మైక్రోస్కోపు కింద ఫొటోలు తీయించిన."

మొదటి ఫొటో చూసి శౌరి వంగాడు. అది మొదటి ముక్కది. బంతిపూల మడిలా ఉంది. సన్నసన్నటి రేకులు, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ నిలువుగా లేచి, మధ్యమధ్య లోతైన సందులు. తన తొట్టెలో ఇది పుట్టిందంటే నమ్మబుద్ధి కాలేదు. నిహారిక రెండో ఫొటో తెచ్చింది. అదే మడి, ఎవరో మంచం ఈడ్చుకుపోయినట్టుంది. రేకులన్నీ పడిపోయి, ఒకదానిమీద ఒకటి అణిగి, ఒకే వైపుకి వాలి ఉన్నాయి. వాటి మీద పొడుగ్గా చారలు.

శౌరి ఆ చారల్ని చాలాసేపు చూశాడు. పైనుంచి కిందికి. అన్నీ ఒకే వైపుకి.

"ఇది నా చెయ్యమ్మా" అన్నాడు.

"ఏంటి అంకుల్?"

"గుడ్డ పెట్టి తుడిచాను. పన్నెండూ."

నిహారిక నోరు తెరిచింది. "తుడిచారా? ఎందుకు?"

"ఎందుకేంటమ్మా. మసి మసిగా ఎవడిస్తాడు సామాను? నా షెడ్డులోంచి ఇంతవరకు ఒక్క వస్తువు తుడవకుండా బయటికి పోలేదు. మొదటిది నువ్వు తడిగా ఉండగానే లాక్కుపోయావు కాబట్టి బతికింది."

ఆమెకి కోపం రావాలి. నవ్వు వచ్చింది. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, "నాలుగు దినాలు నిద్ర లేదు అంకుల్ నాకు. నీళ్లు చెక్ చేసిన, ఉప్పు చెక్ చేసిన, కరెంటు చెక్ చేసిన. గుడ్డ అడగలే" అంది.

శౌరి నవ్వలేదు. "నవ్వడం తరవాత. తుడవకపోతే ఆ నలుపు చేతికి అంటుతోంది చూశావా? అంటుకునేది ఇవాళ కాకపోతే రేపు రాలుతుంది. మొదటి ముక్కని ఎన్నిసార్లు ఎక్కించి దించావు?"

"ఇరవై సార్లు."

"రెండొందల సార్లు తిప్పి చూడు. రాలుతుంది."

అతను అక్కడే నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మొదటి ముక్కని మళ్లీ నీళ్లలో పెట్టి మెషిను తిప్పుతుంటే నూట నలభయ్యో సారికి తెర మీది పెట్టె మూలలు కుంగడం మొదలైంది. గాజు గిన్నె అడుగున నల్లటి నలుసులు దిగాయి. నిహారిక మొహంలో నవ్వు పోయింది. తన మాట నిజమైనందుకు శౌరికి సంతోషం లేదు. తుడిస్తే చచ్చిపోతుంది, తుడవకపోతే రాలిపోతుంది. ఇప్పుడు రేకులు నిలబడాలి, వేళ్లూ పట్టాలి.

"శుక్రవారం దాకా టైమిచ్చారు సారు" అంది నిహారిక. "శనివారం పొద్దున పుణెకి ఆర్డర్ వెళ్తది."

ఆ రోజు సోమవారం. ఆదివారమే ఒకటో తారీకు.

ఇంటికొచ్చి శౌరి అన్నం తినలేదు. చిన్న ముక్కల మీద మొదలుపెట్టాడు. కరెంటు పెంచితే జాలీ దగ్గర బుడగలు లేచి పూతని పొక్కించాయి. తగ్గిస్తే గట్టిగా పట్టుకుంది కానీ పలచగా, నున్నగా వచ్చింది. అది రేకులు కాదని ఫొటో చూసిన కంటికి తెలుస్తోంది. నీళ్లు కలియబెట్టి చూశాడు. వేడి చేసి చూశాడు. మంగళవారం మధ్యాహ్నానికి బల్ల మీద పదకొండు ముక్కలు పడున్నాయి. ఒక్కటీ పనికొచ్చేలా లేదు. చేతులు ఊరికే ఉండలేక బఫ్ చక్రం తిప్పి, పూజ గంట ఒకటి ఉంటే దానికే మెరుగు మీద మెరుగు పెట్టాడు.

ఆ గంట మీద చెక్కడాలున్నాయి. లోతు చెక్కడాల్లోకి పూత దిగకపోతే మద్రాసులో ఫోర్‌మన్ బసవపున్నయ్య ఏం చేసేవాడో అప్పుడు గుర్తొచ్చింది. స్విచ్చి ఆపి, కాసేపు ఊరుకుని, మళ్లీ వేసేవాడు. "ఒకటే పోత పోస్తే పైపైనే పడుద్దిరా. ఊపిరి తీసుకోనియ్యి. కొత్త నీళ్లు సందుల్లోకి దిగాలి గదా" అనేవాడు. ఆపి వెయ్యి, ఆపి వెయ్యి. ఆ మనిషి పోయి ఇరవయ్యేళ్లయింది.

శౌరి చక్రం ఆపి తొట్టె దగ్గరికి పరిగెత్తాడు. కొంచెంసేపు వేశాడు, కొంచెంసేపు ఆపాడు. ముక్క తీసి నీళ్లలో ముంచి ఆడించాడు. వెల్వెట్ గుడ్డలా నల్లగా ఉంది. నీళ్లు నల్లబడలేదు. ఇంకోటి చేశాడు. అది సగం రాలింది. మూడోది ఒక పక్క బాగుంది, ఒక పక్క పొక్కింది. తప్పు ఎక్కడుందో అతనికి తెలుసు. ఆగలేకపోతున్నాడు. పది లెక్కపెడదామని మొదలుపెట్టి ఆరు దగ్గరే చెయ్యి స్విచ్చి మీదికి పోతోంది. ఒకసారి ఆరు, ఒకసారి తొమ్మిది, ఒకసారి నాలుగు. గడియారం చూస్తూ చేద్దామంటే తొట్టె మీంచి కన్ను తియ్యలేడు.

లోపలి గదిలో ఫిలోమినా సాయంత్రం జపమాల మొదలుపెట్టింది. పెళ్లయిన నాటినుంచీ రోజూ వినేదే. శౌరి ఎప్పుడూ చెవిన పెట్టలేదు. ఇప్పుడు విన్నాడు. పూసకొకటి చొప్పున చెప్పే ఒక్కొక్క మరియమ్మ జపం ఒకే కొలత. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా సాగదీత లేదు. ముప్పయ్యేళ్లుగా పూసల మీద నడిచి నడిచి కుదిరిన నడక. ఒక జపానికి స్విచ్చి వేశాడు. తరవాతి జపానికి ఆపాడు. మళ్లీ వేశాడు. ఆమె జపమాల ముగిసేసరికి తొట్టెలోంచి ముక్కని తీశాడు. నీళ్లలో గట్టిగా ఆడించాడు. కుళాయి కింద పెట్టాడు. ఒక్క నలుసు రాలలేదు.

"ఫిలోమినా! ఇంకొకసారి చెప్పు."

"ఏం చెప్పమంటారు?"

"జపమాల. ఇక్కడికొచ్చి చెప్పు, తొట్టె దగ్గర. గట్టిగా."

ఆమె గుమ్మంలోకి వచ్చి, అతని మొహం చూసి, స్విచ్చి మీదున్న చెయ్యి చూసి, సంగతి గ్రహించింది. "బాగుందండీ. దేవమాతని తీసుకొచ్చి మీ స్విచ్చికి కడతారా? ఫాదరు గారికి తెలిస్తే ఏమంటారు?"

"ఏమంటారు? ఇన్నాళ్లకి శౌరి జపమాల శ్రద్ధగా విన్నాడంటారు."

"మీరు విన్నది ప్రార్థనా, టైమా?"

ఫిలోమినా గోడ మీద యూనిఫారం వైపు ఒకసారి చూసింది. పీట తెచ్చుకుని తొట్టె పక్కన వేసుకుంది. "ఎవరి కోరిక పెట్టుకుని వాళ్లు చెప్పుకుంటారు. మా ఆయన గేటు దగ్గర కూర్చుంటే నా ప్రాణం తీస్తాడు, అది తప్పించు తల్లీ అనే చెప్తాను" అని పూసలు పట్టుకుంది.

బుధవారం పొద్దున ఆ ముక్కలు రెండు జూబ్లీహిల్స్ వెళ్లాయి. సాయంత్రానికి నిహారిక స్కూటీ షెడ్డు ముందు ఆగింది. హెల్మెట్ తియ్యలేదు.

"అంకుల్, ఐదొందల సార్లు తిప్పిన. పెట్టె పెట్టెలాగనే ఉంది. ఏం చేసిన్రు?"

"ఆపి ఆపి వేశాను."

"ఎంతసేపు ఆన్, ఎంతసేపు ఆఫ్?"

శౌరి ఫిలోమినా వైపు చూశాడు. ఫిలోమినా తలుపు వైపు చూసింది. "ఒక మరియమ్మ జపం ఆన్. ఒక మరియమ్మ జపం ఆఫ్" అన్నాడు.

నిహారిక పుస్తకం తీసి, పెన్ను పట్టుకుని, రాయలేక ఆగింది. "ఆంటీ, ఒకసారి చెప్తారా?" అని ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కింది. ఫిలోమినా సిగ్గుపడుతూ చెప్పింది. మళ్లీ చెప్పమంది. ఐదుసార్లు కొలిచింది. పద్దెనిమిది సెకన్లు. ఐదింటికీ మధ్య తేడా అర సెకను లేదు.

"మా టైమర్ కొనేదాకా మీరే మా టైమర్ ఆంటీ" అని రాసుకుంది. "సారుకి చూపించిన. పన్నెండు ప్లేట్లూ ఇట్లనే వస్తే పుణె ఆర్డర్ లేదన్నరు. ఒక్కటి తప్పినా ఉందన్నరు."

గురువారం ఆరు ప్లేట్లు, శుక్రవారం ఆరు. ఒక్కొక్క ప్లేటుకి ఒక జపమాల. జపమాలలో వచ్చే సంతోష దేవరహస్యాలు అయిపోతే దుఃఖ దేవరహస్యాలు, అవి అయిపోతే మహిమ దేవరహస్యాలు, మళ్లీ మొదటికి. ఏ పండక్కీ ఇన్ని చెప్పలేదంది ఫిలోమినా. గొంతు బొంగురుపోతే మధ్యలో మిరియాల పాలు తాగింది. ప్రతి ప్లేటుకీ ముందు కుంకుడు రసం, చింతపండు, యాసిడ్, మంచినీళ్లు. చుట్టూ దొంగతీగ. శౌరి స్విచ్చి దగ్గర నిలబడి, ఆగాల్సిన పద్దెనిమిది సెకన్లలో కాలి వేళ్లు నేలకి నొక్కుకుంటూ, ఆగాడు. తొమ్మిదో ప్లేటు దగ్గర కరెంటు పోయింది. ఫిలోమినా జపం ఆపలేదు. ఏడు పూసల తరవాత కరెంటు వచ్చింది. ఆ ప్లేటుని పక్కన పారేసి కొత్త జాలీ కడగడం మొదలుపెట్టాడు. "బాగానే ఉంది కదండీ" అంది ఆమె. "ఉంటే ఉంటుంది. నాకు తెలియనిది నేనివ్వను" అన్నాడు.

ప్లేట్లని డిస్టిల్డ్ వాటర్‌లో మూడుసార్లు ముంచి, ఇంట్లో బట్టలారేసే తాడుకి, క్లిప్పులు పెట్టి నీడలో వేలాడదీశాడు. పన్నెండు నల్లటి ముక్కలు గాలికి ఊగాయి. వాటి ముందునుంచి పోయినప్పుడల్లా చెయ్యి దానంతటదే గూటివైపు, ఫ్లానెల్ గుడ్డ వైపు వెళ్లింది. రెండోసారి అలా వెళ్లాక గుడ్డ తీసి ఫిలోమినాకిచ్చి, "ఎక్కడన్నా దాచు. ఎక్కడో నాకు చెప్పకు" అన్నాడు.

మోసుకుపోవడం ఇంకో తంటా. కాగితంలో చుట్టకూడదు, ఒకదానికొకటి తగలకూడదు. పాత కిరీటం పెట్టె ఒకటి తీసి, అంచుల్లో చెక్కకి గాడులు కోశాడు. ప్లేటు రెండంచులు మాత్రమే గాడిలో ఆనుతాయి, పైపొర దేనికీ తగలదు. శుక్రవారం నాలుగింటికి పెట్టె సిద్ధమైంది.

ఆటో తీసుకొచ్చింది భిక్షమే. "జర జల్దీ నడువన్నా, చెక్‌పోస్టు కాడ జామ్ అయితది" అంటూ లోపలికొచ్చాడు. శౌరి పెట్టెని ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాడు. మోకాళ్ల మీద చెక్క గట్టిగా తగిలింది. ఈ గుంతల దారిలో ప్రతి కుదుపూ ప్లేట్లకి పోతుంది.

"ఏదన్నా మెత్తటిది ఇవ్వవే" అన్నాడు.

ఫిలోమినా లోపలికి వెళ్లి, మేకుకి ఉన్న నీలం యూనిఫారం దించి, నాలుగు మడతలు వేసి తెచ్చింది. పెట్టె కింద సర్దింది. "ఇదే మెత్తగా ఉంది" అంది.

"అరెరె! ఏం చేస్తున్నవొదినా? ఇస్త్రీ డ్రెస్సు గది! ఎల్లుండి డ్యూటీకి గిట్ల నలిగిపోయి ఎక్కుతడా?" అని భిక్షం గగ్గోలు పెట్టాడు.

"ఎల్లుండి సంగతి ఎల్లుండి చూద్దాం. నువ్వు ముందు డ్రైవరుకి నిదానంగా పొమ్మని చెప్పు" అన్నాడు శౌరి.

"నువ్వు! నువ్వు నిదానంగ పొమ్మంటున్నవా?" భిక్షం డ్రైవరు పక్కన ఇరుక్కుని, దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. "ఏముందన్నా ఆ పెట్టెల? బాంబు పట్కపోయినట్టు పట్కపోతున్నవ్." స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా శౌరి పెట్టెని ఒళ్లోంచి పైకెత్తి గాల్లో పట్టుకున్నాడు. భుజాలు పట్టేశాయి. మాదాపూర్ వైపు నుంచి తెల్లటి సాఫ్ట్‌వేర్ బస్సులు ఎదురొస్తున్నాయి. ఒక్కదాన్నీ చూడలేదు.

సెల్లారులో నిహారికతో పాటు కమలాకర్ కూడా నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నిహారిక పెట్టె మూత తీసి, కళ్లు మూసుకుని ఒక గాడిలోంచి ఒక ప్లేటు తీసింది. మెషినుకి తగిలించింది. గీత తెర మీద ఎడమనుంచి బయల్దేరింది. శౌరి దాన్ని చూడలేక గోడ చూశాడు, ఫ్యాను చూశాడు, తన చెప్పులు చూశాడు. భిక్షం మాత్రం తెర ముందే నిలబడ్డాడు.

"ఏందది, డబ్బాలెక్క వస్తున్నది?" అన్నాడు.

"వస్తోందా?" అన్నాడు శౌరి, గోడ వైపు చూస్తూనే.

"నాలుగు మూలలున్నయే. మంచిదా, చెడ్డదా?"

నిహారిక ఇంకో మూడు తీసి చూసింది. ఆ తరవాత తక్కినవీ ఒక్కొక్కటే చూసింది. గంటన్నర పట్టింది. శౌరి ఆ గంటన్నర నిలబడే ఉన్నాడు. పన్నెండో గీత మూల తిరిగాక కమలాకర్ కట్టుకున్న చేతులు విప్పాడు. బల్ల కింద నుంచి స్టీలు జాలీ చుట్ట ఒకటి బయటికి లాగి, శౌరి కాళ్ల దగ్గర పెట్టాడు. "దీంట్లో నూరు ముక్కలు వస్తాయి. వచ్చే నెలకి" అన్నాడు.

నిహారిక పన్నెండో ప్లేటుని పెట్టెలో పెట్టబోతూ మధ్యలో పట్టుకుంది.

"అంచు పట్టుకోమ్మా" అన్నాడు శౌరి.

ఆమె అంచు పట్టుకుంది. ప్లేటు గాడిలోకి దిగింది. అతని వేలి చివర తొట్టె నలుపు ఇంకా కొంచెం అంటుకుని ఉంది. ప్యాంటుకి తుడుచుకుని, పెట్టె మూత వేసి, రెండు చేతులతో ఆమె వైపు జరిపాడు. పెట్టె కింద పట్టుకొచ్చిన, నలిగిన నీలం చొక్కా తీసి భిక్షం భుజం మీద వేసి, జాలీ చుట్ట ఎత్తుకున్నాడు.